హెచ్‌డీఎంఐ సౌండ్‌కి వాల్యూమ్ కీలు: చాలాకాలంగా మానిటర్‌కంట్రోల్ వాడుతున్నాక

మ్యాక్‌ని హెచ్‌డీఎంఐతో మానిటర్‌కి కలిపి సౌండ్ కూడా అటే పంపేవాళ్లకు ఈ చిరాకు తెలిసిందే. వాల్యూమ్ కీ నొక్కితే తెర మీద స్పీకర్ బొమ్మ, దాంతోపాటు కుదరదన్నట్టు అడ్డగీత గుర్తు వస్తాయి. సౌండ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తగ్గించాలంటే మానిటర్ వెనక చెయ్యి పెట్టి, గోరంత బటన్‌ని తడుముకుని, మెనూలో ఆడియో దాకా వెళ్లాలి. ఆ లోపు మీటింగులో అరిచేవాళ్లు అరవడం అయిపోతుంది.

మానిటర్‌కంట్రోల్ అనే ఉచిత యాప్ నాకు ఈ బాధ తప్పించింది. అది సౌండ్‌ని మ్యాక్‌లో తగ్గించదు, మానిటర్‌నే తగ్గించుకోమంటుంది. అందుకే నాకంత ఇష్టం. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో డీడీసీ అని ఒక సన్నటి దారి ఉంటుంది. తాను ఏ రిజల్యూషన్లు చూపించగలదో మానిటర్ కంప్యూటర్‌కి చెప్పుకునేది ఆ దారిలోనే. వాల్యూమ్ ఎంత పెట్టాలో యాప్ చెప్పేదీ అందులోనే. పెట్టుకున్న కొత్తలో నమ్మకం కుదరక మానిటర్ మెనూ తెరిచి చూశాను. అక్కడి అంకె కూడా మారి ఉంది! షిఫ్ట్, ఆప్షన్ కలిపి నొక్కితే ఇంకా చిన్న అడుగుల్లో కదులుతుంది. బ్రైట్‌నెస్ కీలు పనిచేయడం కొసరు.

మ్యాక్ ఇలా డిజిటల్ సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపేసి, ఎక్కువతక్కువలు అవతలి యాంప్లిఫయర్‌కి వదిలేయడంలో ఒక లెక్క ఉందని ఒప్పుకుంటాను. డాల్బీ బిట్‌స్ట్రీమ్ లాంటి కుదించి పంపే సౌండ్ డేటాని విప్పకుండా దాని సౌండ్ తగ్గించలేం కదా. కానీ నా బల్ల మీద హోమ్ థియేటర్ లేదు, రెండు బుల్లి స్పీకర్లున్న మానిటర్ ఉంది. ఇదే మానిటర్‌కి ఆఫీసు విండోస్ ల్యాప్‌టాప్ పెడితే ఏ యాప్ లేకుండానే స్లైడర్ పనిచేస్తుంది. మండేది అక్కడే.

ఇక అసలు తలనొప్పి డాక్ (ల్యాప్‌టాప్‌కి ఒకే కేబుల్‌తో చాలా పోర్టులిచ్చే పెట్టె) కొన్నాక మొదలైంది. నా ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కి బయటి తెర ఒక్కటే పెట్టుకోవచ్చు కాబట్టి, రెండు మానిటర్లు నడిపిస్తుందని ఒక డాక్ తెచ్చుకున్నాను. రెండు తెరలూ చక్కగా వెలిగాయి, సౌండూ వచ్చింది, వాల్యూమ్ కీలు మాత్రం చచ్చిపోయాయి. యాప్ తీసేసి మళ్లీ వేశాను. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చే ఉంది. మానిటర్ మెనూలో డీడీసీ/సీఐ, అంటే ఈ ఆదేశాలు వినే సెట్టింగు, ఆన్‌లోనే ఉంది. కేబుల్ మార్చాను, ఉలుకూ పలుకూ లేదు. చివరికి డాక్ పక్కనపెట్టి, పాత యూఎస్‌బీ-సీ అడాప్టర్‌తో నేరుగా కలిపితే కీలు వెంటనే పలికాయి. ఈ రకం డాక్‌లు తెర బొమ్మని యూఎస్‌బీ డేటాగా కుదించి తీసుకుని, తమ లోపల మళ్లీ హెచ్‌డీఎంఐగా మారుస్తాయట. మ్యాక్‌లో యాప్ పంపే డీడీసీ ఆదేశం అటు దాటదు. అట్ట మీద ఈ ముక్క ఎక్కడా లేదు. ఇప్పుడు స్పీకర్లున్న మానిటర్‌ని నేరుగా, రెండోదాన్ని డాక్‌తో నడుపుతున్నాను. బల్ల మీద వైర్లు పెరిగాయి.

పైన అంత మెచ్చుకున్నాను గానీ, హాల్లో టీవీకి పెడితే ఈ యాప్ వల్ల ఏమీ కాదు. చాలా టీవీలు ఈ డీడీసీ ఆదేశాలు పట్టించుకోవు. మా టీవీ కూడా అంతే, దానికి రిమోటే దిక్కు. టీవీ కోసం బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అనే ఇంకో ఉచిత యాప్ వేసి చూశాను. అది సౌండ్‌ని మ్యాక్‌లోనే మధ్యలో పట్టుకుని తగ్గిస్తుంది కాబట్టి అవతల ఏముందో దానికి అనవసరం. ఒక్కో యాప్‌కి వేరే వాల్యూమ్ పెట్టుకోవచ్చు కూడా. కాకపోతే సౌండ్ కాస్త వెనకబడినట్టు అనిపించి తీసేశాను. సౌండ్‌సోర్స్ కూడా ఈ పని చేస్తుంది, కానీ దానికి డబ్బు కట్టాలి. టీవీకి పెట్టేది ఎప్పుడో పండక్కి కాబట్టి నేను కొనలేదు.

నాలాగా ఒకే బల్ల, స్పీకర్లున్న మానిటర్, మధ్యలో డాక్ లేకుండా ఉంటే నిశ్చింతగా వేసుకోవచ్చు. ఎం1 మ్యాక్ మినీ ఉన్నవాళ్లు మాత్రం దాని హెచ్‌డీఎంఐ పోర్టు వదిలేసి యూఎస్‌బీ-సీ వైపు నుంచి కలపాలి, ఆ పోర్టులో ఈ యాప్‌కి డీడీసీ అందదు. హెడ్‌ఫోన్ జాక్‌కి విడిగా స్పీకర్లు పెట్టుకున్నవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, వాళ్ల కీలు ఎలాగూ పనిచేస్తాయి.