ఇల్లు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ, అగ్రిమెంటు బేరగాళ్ళతో జాగ్రత్త (కోనసీమ వైపు వాళ్ళు తప్పక చదవండి)

అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు చుట్టుపక్కల ఇల్లు అమ్మాలనుకునేవాళ్ళూ కొనాలనుకునేవాళ్ళూ ఇద్దరూ ఇది చదవండి. ఇంట్లో ఉండే ఉద్దేశమే లేకుండా, మీకు లక్షో రెండు లక్షలో బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుని, అదే ఇంటిని ఇంకొకళ్ళకి ఎక్కువ రేటుకి బేరం పెట్టి, వాళ్ళ దగ్గర తీసుకున్న అడ్వాన్సుతో కాలం గడిపేవాళ్ళు తిరుగుతున్నారు. రేట్లు పెరుగుతున్నంత కాలం ఎవరికీ ఏమీ తెలియదు, అందరికీ అందాల్సింది అందుతుంది. బేరాలు కాస్త నెమ్మదించాయంటే మాత్రం అసలు ఓనరూ అసలు కొనేవాడూ ఇద్దరూ నడివీధిలో ఉంటారు. మాకు అదే జరిగింది. పేర్లు రాయను, ఒక ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

మాది అమలాపురం శివార్లలో అయిదు సెంట్లలో కట్టుకున్న డాబా ఇల్లు, నా పేరునా మా వారి పేరునా ఉంది. పిల్లల చదువులకి విశాఖ వచ్చేశాం. తాళం వేసి ఉంచితే ప్రతి వానాకాలం గోడలు చెమ్మెక్కి పాడైపోతోందని అమ్మకానికి పెట్టాం. మా ఇద్దరిలో ఎవరూ అంతకుముందు ఏ ఆస్తీ అమ్మి ఎరగం. కొనేవాడికి అయితే లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) చూసుకో, ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల పత్రం) తీయించుకో, వకీలుకి చూపించు అని పదిమంది చెబుతారు. అమ్మేవాడికి ఎవరూ ఏమీ చెప్పరు, డబ్బు తీసుకుని సంతకం పెట్టడమే కదా అన్నట్టు మాట్లాడతారు.

మధ్యవర్తి ఒకాయన మనిషిని తీసుకొచ్చాడు. రొయ్యల చెరువులు ఉన్నాయన్నాడు, మాట చాలా మర్యాద. మేం అరవై లక్షలు చెబితే యాభై ఎనిమిదికి ఒక్క మాటలో ఒప్పేసుకున్నాడు. మా వైపు కొబ్బరి బొండం దగ్గర కూడా ఇంకో అయిదు తగ్గించమనకుండా కదలరు, ఈయనేమో యాభై ఎనిమిది లక్షల ఇంటిని కాఫీ తాగినంత సేపట్లో ఖాయం చేసేశాడు. వంటగది చూడలేదు, వాస్తు అడగలేదు. మోటారు వేయించి నీళ్ళు ఉప్పగా ఉన్నాయో తియ్యగా ఉన్నాయో రుచి చూడలేదు, కోనసీమలో నిజంగా ఇల్లు కొనేవాడు మొట్టమొదట చూసేది అదే. ఒక్కసారి కూడా భార్యని తీసుకురాలేదు. ఇల్లు చూడ్డానికి ఇంట్లో ఆడవాళ్ళు రాకపోతే ఆ ఇంట్లో కాపురం ఉండేది వాళ్ళు కాదని అర్థం చేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, అగ్రిమెంటులో ఒక వాక్యం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద లక్ష బయానా, మూడు నెలల గడువు, మిగతా సొమ్ము రిజిస్ట్రేషన్ నాడు అని మామూలుగానే రాశారు. మధ్యలో "తమరికి గానీ, తమరు కోరిన వారికి గానీ రిజిష్టరు చేసి ఇవ్వగలవారము" అని ఉంది. దస్తావేజు లేఖరిని అడిగితే అన్నిట్లోనూ రాసేదేనమ్మా అన్నాడు. అది అబద్ధం కాదు. తండ్రి బయానా ఇచ్చి కూతురి పేరున రిజిస్టర్ చేయించుకునే సందర్భాలు బోలెడు ఉంటాయి, ఆ వాక్యం అందుకోసమే. కానీ మారుబేరం చేసేవాడి వ్యాపారం మొత్తం ఆ "తమరు కోరిన వారు" మీదే నడుస్తుంది. ఎందుకంటే ఏపీలో రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం కట్టాలి, యాభై ఎనిమిది లక్షల మీద అది నాలుగు లక్షల పైమాటే. వాడు ముందు తన పేరున చేయించుకుని తర్వాత ఇంకొకరికి అమ్మితే ఆ ఖర్చు రెండుసార్లు పడుతుంది, లాభం అంతా దానికే సరి. అందుకని లక్ష పెట్టుబడితో, కాగితం తన చేతిలో ఉంచుకుని, మీ ఇంటిని మీకు తెలియకుండా మార్కెట్లో పెడతాడు. ఆ చోట "తమరికి గానీ తమ కుటుంబసభ్యులకు గానీ" అని రాయిస్తాం అనండి చాలు. నిజంగా కొనేవాడు అయితే పట్టించుకోడు, బేరగాడు అయితే ముఖం మాడ్చుకుంటాడు.

మాఘంలో రాసిన అగ్రిమెంటు, వైశాఖంతో గడువు అయిపోయింది. ముందు చెరువు పట్టుబడి అవ్వాలన్నాడు, తర్వాత రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువు పోయిందన్నాడు. మేమూ ఆ ప్రాంతం వాళ్ళమే కాబట్టి పాపం అనుకున్నాం. ఆషాఢంలో రిజిస్ట్రేషన్లు ఎవరు పెట్టుకుంటారండీ అన్నాడు. శ్రావణం వచ్చింది, వాళ్ళావిడకి ఒంట్లో బాగోలేదన్నాడు. ఆ తర్వాత మూఢం. అన్నిటికన్నా గొప్పది ఏమిటంటే, మా దస్తావేజులో తూర్పుగోదావరి జిల్లా అని ఉంది, 2022లో కోనసీమ జిల్లా అయింది కాబట్టి ముందు అది సరిచేయించాలట! రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర వేరే లేఖరిని అడిగితే నవ్వేశాడు, కొత్త దస్తావేజులో ఇప్పటి జిల్లా పేరు రాస్తారు, పాతదాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఈలోగా మా పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, అరవై ఆరుకి ఇచ్చేశారంట కదా, వాళ్ళు వచ్చి కిటికీలు కొలుచుకుంటున్నారు, గేటు తాళం కూడా వాళ్ళ దగ్గరే ఉంది" అన్నారు. అరవై ఆరేంటి, వాళ్ళెవరు! తాళం మధ్యవర్తికి ఇచ్చింది ఇల్లు చూపించడానికి. మేం బయల్దేరి వెళ్ళాం. ముమ్మిడివరం వైపు దంపతులు, ఆయన చాలా ఏళ్ళు కువైట్‌లో పనిచేసి వచ్చాడు. మా ఇంటి కోసం ఈ పెద్దమనిషికి అయిదు లక్షలు ఇచ్చి ఉన్నారు. ఓనర్లు విశాఖలో ఉంటారు, రావడం కుదరదు, నాకే పవర్ (వాళ్ళ తరఫున అమ్మే అధికారం) ఇచ్చారు అని చెప్పి మా దస్తావేజు జిరాక్సులూ, మా సంతకాలున్న అగ్రిమెంటూ చూపించాడట. జిరాక్సులు బయానా రోజున వకీలుకి చూపించుకోవాలని అడిగి తీసుకున్నవి. అడగడం న్యాయమే, ఇవ్వాలి కూడా. కానీ ప్రతి పేజీ మీదా అడ్డంగా "ఫలానా వారి పరిశీలన నిమిత్తం మాత్రమే" అని తేదీ వేసి సంతకం పెట్టి ఇస్తే వాటిని ఇంకొకళ్ళకి చూపించడం కష్టం.

ఆ బేరగాణ్ణి నిలదీస్తే ఏమీ తడబడలేదు. ఇందులో తప్పేముందండి, మీకు మీ యాభై ఎనిమిదీ వస్తుంది కదా అన్నాడు. పైగా, ప్రతిసారీ మీరు అంత దూరం నుంచి రాలేరు, సేల్ అగ్రిమెంటు కమ్ జీపీఏ (ఒప్పందంతో పాటు మీ తరఫున అమ్మే అధికారం కూడా ఇచ్చే కాగితం) రిజిస్టర్ చేసి ఇచ్చేయండి, మిగతాదంతా నేను చూసుకుంటా అన్నాడు. అది మాత్రం ఎవరికీ ఇవ్వకండి, పూర్తి డబ్బు ఖాతాలో పడనంత వరకూ అసలు ఇవ్వకండి. అది రిజిస్టర్ అయ్యాక ఈసీలోకి ఎక్కుతుంది, రద్దు కావాలంటే వాడు కూడా వచ్చి సంతకం పెట్టాలి, లేదంటే కోర్టు. తర్వాత ఇంకో ఎర వేశాడు. సగం క్యాష్ తీసుకోండి, పన్ను పడదు అని. ఇది వినడానికి తియ్యగా ఉంటుంది కానీ 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదు, తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. అది పడేది తీసుకున్నవాడి మీద, అంటే అమ్మేవాడి మీద. పన్ను గురించి అంత భయం కూడా అక్కర్లేదు. రెండేళ్ళు దాటిన ఇల్లయితే లాభం మీద 12.5 శాతం, 2024 జులై 23కి ముందు కొన్నదైతే పాత పద్ధతిలో, అంటే కొన్న ధరని ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూసే ఇండెక్సేషన్‌తో 20 శాతం లెక్క కూడా వేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. లాభం పెట్టి రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్ళలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. ఇల్లు కట్టినప్పటి బిల్లులు ఉంటే దాచుకుని ఆడిటర్‌ని అడగండి. వెయ్యో రెండు వేలో పోతుంది అంతే.

ఇక వకీలు దగ్గరికి. గడువు దాటింది కాబట్టి అగ్రిమెంటు దానంతట అదే పోతుంది అనుకుంటారు చాలామంది, మాకు ఊళ్ళో చెప్పినవాళ్ళంతా అదే అన్నారు. అలా పోదు. స్థిరాస్తి ఒప్పందాల్లో గడువు దాటితే చాలు బేరం రద్దు అని కోర్టులు మామూలుగా చూడవట, ఆ తేదీ తప్పితే రద్దు అని కాగితంలో స్పష్టంగా ఉండాలి. గడువు తేదీ నుంచి మూడేళ్ళ దాకా వాడు రిజిస్ట్రేషన్ చేసి ఇవ్వమని దావా వేయొచ్చు. వేస్తే, తను డబ్బుతో సిద్ధంగా ఉన్నానని వాడే చూపించుకోవాలి, అది వాడి వల్ల కాదు. అయితే గెలవడం వాడికి అవసరమే లేదు, దావా నడుస్తున్న ఇంటిని ఎవరు కొంటారు? వాడి బలం అంతా అక్కడుంది. మా వకీలు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపించాడు, ఫలానా రోజున సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒరిజినల్ కాగితాలతో ఉంటాం, మిగతా సొమ్ముతో రండి, రాకపోతే బేరం రద్దు అని. ఆ రోజు మేం ఇద్దరం వెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నాం, అక్కడ ఉన్నట్టు రుజువుకి ఆ రోజు తేదీతో ఈసీ ఒకటి తీయించుకున్నాం. వాడు రాలేదు.

రాకపోగా, కాగితం వెనక్కి ఇవ్వాలంటే లక్షతో పాటు ఇంకో రెండు లక్షలు ఇవ్వమన్నాడు. అగ్రిమెంటు ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఉంది, విడిపించుకురావాలి అని ఇంకో కథ. పెద్దమనుషుల్లో కూర్చోబెట్టాం. వాళ్ళలో ఒకాయన కూడా ఏదో ఒకటి ఇచ్చి వదిలించుకోండమ్మా అన్నవాడే గానీ ఇదేం పని అని వాణ్ణి అడిగినవాడు లేడు. చివరికి లక్షా తిరిగి ఇచ్చి, పైన అడిగినదానిలో సగం కన్నా తక్కువ ఇచ్చి బయటపడ్డాం, అన్నీ బ్యాంకు ద్వారానే. ఒరిజినల్ అగ్రిమెంటు వెనక "ఈ ఒప్పందం రద్దయినది, ఇకపై నాకు ఎట్టి హక్కు లేదు" అని వాడి చేతితో రాయించి సంతకం పెట్టించుకున్నాం. జిరాక్సు మీద రాసిస్తానన్నాడు ముందు, ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి.

కొనేవాళ్ళకి చెప్పాల్సింది ఇంకా ఉంది, అసలు దెబ్బ తిన్నది ఆ ముమ్మిడివరం వాళ్ళే. ఈసీ తీయించాం, క్లీన్‌గా ఉంది అంటారు వాళ్ళు. ఈసీలో రిజిస్టర్ అయినవే కనిపిస్తాయి, స్టాంపు పేపరు మీద రాసుకున్న అగ్రిమెంటు ఈసీలో ఎక్కడా కనబడదు. అందుకని ఈసీ క్లీన్‌గా ఉన్నా, దస్తావేజులో పేరున్న మనిషితో మాట్లాడకుండా రూపాయి ఇవ్వకండి. దూరంలో ఉంటే వీడియో కాల్ అయినా చేయండి, ఒరిజినల్స్ చేతిలో పట్టుకుని చూపించమనండి, అడ్వాన్సు ఆ పేరున్న ఖాతాకే వేయండి. పవర్ ఉంది అంటే దాని నంబరు తీసుకుని రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. పక్కింట్లో ఒక పది నిమిషాలు కూర్చోండి, మా పిన్నిగారిని ముందే అడిగి ఉంటే వాళ్ళ అయిదు లక్షలు మిగిలేవి.

మన డెల్టాలో ఇంకో రెండు ఉన్నాయి. ఊరి మధ్య పాత పెంకుటిళ్ళు చాలావరకు గ్రామకంఠంలో (ఊళ్ళో ఇళ్ళ కోసం ఉన్న పాత స్థలంలో) ఉంటాయి, వాటికి లింకు డాక్యుమెంట్లు సరిగా దొరకవు, ఇంటి పన్ను రసీదులూ పంపకాల కాగితాలూ చూసి, అన్నదమ్ములూ ఆడపడుచులూ అందరి సంతకాలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. కాలువ గట్టు పక్క ఇల్లయితే అది పోరంబోకేమో (ప్రభుత్వ భూమేమో), రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో ముందే కనుక్కోండి. ధర యాభై లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్ళే ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి అమ్మేవాళ్ళ పాన్ మీద కట్టాలి. అమ్మేవాళ్ళు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న ఎన్నారైలు అయితే ఆ ఒక శాతం లెక్క పనికిరాదు, చాలా ఎక్కువ కోయాలి, కోయకపోతే ఆ బాధ్యత కొన్నవాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. కోనసీమలో ఇది చాలామందికి తగులుతుంది.

ఇల్లు తర్వాత కొంత తక్కువకే ఒక టీచర్ల కుటుంబానికి ఇచ్చాం. ఆవిడ మొదటిరోజే మోటారు వేయించి నీళ్ళు తాగి చూసింది. ఆ దంపతులకి అయిదు లక్షల్లో కొంతే వచ్చింది, పోలీసు కంప్లైంటు ఇచ్చారు, మా రద్దు కాగితం జిరాక్సు వాళ్ళ వకీలు అడిగితే ఇచ్చాం, ఈసారి అడ్డంగా రాసి సంతకం పెట్టి. మధ్యవర్తి మాత్రం రెండు వైపులా కమీషన్ తీసుకుని హాయిగా ఉన్నాడు, ఇంకో ఇల్లు చూపిస్తున్నాడని మొన్ననే విన్నాను. అమలాపురం నుంచి రావులపాలెం మధ్య ఎవరైనా బేరమాడకుండా, భార్యని తీసుకురాకుండా, "తమరు కోరిన వారికి" అని రాయమంటే ముందు వకీలుకి చూపించి అప్పుడు సంతకం పెట్టండి. ఇప్పటికే ఇచ్చేసి గడువు దాటిపోయినవాళ్ళు ఉంటే ఇంకో మూఢం దాకా ఆగకుండా ఈ వారంలోనే నోటీసు పంపించండి.