రెక్క గ్రిప్పులు రెండేళ్లు వాడాక: చేతుల తిమ్మిరి తగ్గిందా?

తగ్గింది. అయితే బిగించిన రోజే తగ్గలేదు, కోణం కుదిరాకే తగ్గింది. ఈ గ్రిప్పుల గురించి చెప్పాల్సిన దాంట్లో ముప్పాతిక వంతు ఆ కోణం గురించే. తిన్నటి హ్యాండిల్ ఉన్న సైకిల్ మీద గంటకు పైగా, ఎక్కువసేపు సీటులో కూర్చునే తొక్కేవాళ్లకు ఇవి పనికొస్తాయి. మామూలు గ్రిప్పు గుండ్రటి గొట్టం. దీనికి బయటి చివరన, వెనక వైపు రెక్కలాంటి చదునైన భాగం ఉంటుంది. మణికట్టును ఆనుకుని ఉన్న అరచేతి మెత్త దాని మీద కూర్చుంటుంది.

చిటికెన వేలు, ఉంగరం వేలిలో సగం తిమ్మిరెక్కుతుంటే నొక్కుకుపోతున్నది అల్నార్ నరం. అది చిటికెన వేలి వైపు, మణికట్టు దగ్గర గియాన్ కాలువ అనే ఇరుకు సందులోంచి అరచేతిలోకి వస్తుంది. అక్కడ దానికి పైన కాపుగా ఉండే కండ చాలా తక్కువ. గుండ్రటి గ్రిప్పు పట్టుకుంటే పైనుంచి దిగే బరువంతా ఆ సందు మీదే సన్నటి గీతలా పడుతుంది. రెక్క ఆ బరువును వెడల్పుగా పరుస్తుంది, మణికట్టు వెనక్కి విరగబడకుండా ఆపుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారుతుంటే అది మీడియన్ నరం సంగతి. మణికట్టు నిటారైతే దానికీ కొంత మేలే గానీ, అక్కడ రెక్క ఒక్కటే చాలదు. హ్యాండిల్‌ను పిసికి పట్టుకునే అలవాటు, బ్రేకు లివరు ఎత్తు కూడా చూడాలి. అందుకే కొనేముందు ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో రెండు మూడు సవారీల్లో గమనించుకోండి.

పాత రబ్బరు గ్రిప్పు ఊడదీయడానికి దాని కిందికి సన్నటి పుల్లలాంటిది దూర్చి, సబ్బునీళ్లు పోసి, మెలితిప్పుతూ లాగితే వస్తుంది. నూనె వాడొద్దు. హ్యాండిల్ మీద నూనె చెమ్మ మిగిలితే కొత్త గ్రిప్పు ఎంత బిగించినా తిరుగుతూనే ఉంటుంది. గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్తది ఎక్కించాలి. చేతితో తిప్పే గేరు ఉంటే ఆ వైపుకి పొట్టి గ్రిప్పు కావాలి, మామూలు పొడవుది పట్టదు. చిన్న చేతులకి చిన్న సైజే తీసుకోండి. గ్రిప్పు లావైతే వేళ్లు చుట్టూ అందవు, దాంతో ముంజేయి కండరాలు నొప్పెడతాయి.

ఇక కోణం. గ్రిప్పును పట్టి ఉంచే బోల్టును, చేత్తో తిప్పితే గ్రిప్పు కదిలేంత వదులుగా ఉంచి, సైకిల్‌ను గోడకు ఆనించి సీటు మీద కూర్చోండి. భుజాలు వదిలేసి, మోచేతులు కొద్దిగా మడిచి, కళ్లు మూసుకుని చేతులు గ్రిప్పుల మీద పెట్టండి. ముంజేయి, మణికట్టు, చేతి వెనక భాగం ఒకే వరసలో ఉండాలి. రెక్క వెనక అంచు కిందికి దిగిపోతే మణికట్టు కుంగుతుంది, ఆసరా ఉన్నా లేనట్టే. మరీ పైకి లేస్తే ఆ అంచే అరచేతిలో గుచ్చుకుంటుంది, పది కిలోమీటర్లకే కొత్త చోట నొప్పి మొదలవుతుంది. చాలామంది ఈ రెండో తప్పు చేసి గ్రిప్పు బాగోలేదని పక్కన పడేస్తారు. ఒక్కసారికి అంచును మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి జరపకుండా, ఒక్కో మార్పుకీ కనీసం ఒక పొడవైన సవారీ చేసి చూడాలి. కుదిరాక గొట్టం మీద పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

గ్రిప్పు కుదిరిన తర్వాతే బ్రేకు లివరు. వేళ్లు చాపితే ముంజేతి వరసలోనే లివరు తగలాలి. చాలా సైకిళ్లకు లివరు మరీ పైకి, నేలకు సమాంతరంగా బిగించి వస్తుంది. అలా ఉంటే బ్రేకు మీద వేలు పెట్టిన ప్రతిసారీ మణికట్టు మళ్లీ వెనక్కి వంగుతుంది, రెక్క చేసిన మేలంతా పోతుంది. లివరు దగ్గరి చిన్న స్క్రూతో దూరం కూడా తగ్గించుకోవచ్చు.

ఈ గ్రిప్పులు తీర్చలేనిది ఒకటుంది: చేతుల మీద అసలు ఎంత బరువు పడుతోందన్నది. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద నెమ్మదిగా తొక్కుతూ, వేళ్లు గ్రిప్పు చుట్టూనే ఉంచి అరచేతులు ఒక్క క్షణం తేలిక చేసి చూడండి. ఒళ్లు ముందుకు పడిపోతుంటే తప్పు సీటుది, లేదా హ్యాండిల్ దూరానిది. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి జారుతూనే ఉంటాడు, ఆ జారుడును ఆపే పని చేతుల మీద పడుతుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి ముందు దాన్ని మట్టం చేయండి. అప్పటికీ బరువు ముందుకే పడుతుంటే స్టెమ్ (హ్యాండిల్‌ను సైకిల్ ముందు గొట్టానికి కలిపే ముక్క) పైనున్న రింగుల్ని దాని కిందికి మార్చి హ్యాండిల్ ఎత్తాలి. తిరిగి బిగించేటప్పుడు వరస ముఖ్యం. పై మూత బోల్టును ఊగిసలాట పోయేంత వరకే తిప్పి, హ్యాండిల్ నేరుగా పెట్టి, ఆ తర్వాత పక్క బోల్టులు రెండూ మార్చి మార్చి, స్టెమ్ మీద అచ్చువేసిన బిగింపు కొలతకు (టార్క్) బిగించాలి. చాలా స్టెమ్‌లకు అది 5 న్యూటన్ మీటర్లు. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకీ వెనక్కీ ఊపితే టక్కుమని చప్పుడు రాకూడదు, హ్యాండిల్ తిప్పితే బరువుగా ఉండకూడదు.

టైర్లలో గాలి మరీ రాయిలా కొట్టినా అదురంతా అరచేతులకే వస్తుంది. 5 పీఎస్‌ఐ చొప్పున తగ్గించి చూడండి, టైరు పక్కన రాసిన కనీస అంకె కంటే దిగొద్దు.

లోపాలు లేకపోలేదు. లేచి నిలబడి ఎత్తు ఎక్కేటప్పుడు రెక్క అడ్డొస్తుంది, పట్టు చాలదు. రాళ్ల దారుల్లో చెయ్యి చకచకా జరగాల్సిన చోట్ల కూడా నాకు ఇవి నచ్చలేదు, అక్కడ గుండ్రటి గ్రిప్పే మేలు. ఇంకొకటి, చెయ్యి పెట్టే చోటు ఒక్కటే. ఎంత మంచి ఆసరా అయినా అరగంట కదలకుండా ఉంటే నరం నొక్కుకుంటుంది. చివర్లకు కొమ్ములు కూడా ఉన్న రకం తీసుకుంటే అరచేయి నిలువుగా తిరిగే రెండో పట్టు దొరుకుతుంది. దూర ప్రయాణాలకు నేను చెప్పేది ఆ రకమే. అప్పుడు కూడా పది నిమిషాలకోసారి చేతులు మార్చాలి.

దళసరి జెల్ గ్లవ్స్ ఈ గ్రిప్పులతో కలపకండి. రెండు మెత్తలు కలిసి పట్టును లావు చేస్తాయి, పైగా జెల్ దిమ్మ సరిగ్గా నరం మీదికి వస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పలచటివి చాలు.

సవారీ ఆపిన కొద్దిసేపటికే తిమ్మిరి పోవాలి. మర్నాటికీ ఉంటే, లేదా వేళ్లు విడదీయడానికీ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పట్టుకోవడానికీ బలం చాలకపోతే, సైకిల్ ఆపి డాక్టరుకు చూపించాలి. అక్కడ గ్రిప్పు మార్చడంతో సరిపెట్టుకోకూడదు.

రబ్బరు విషయానికొస్తే, చెమటకు జిగురెక్కినప్పుడు సబ్బునీళ్లతో కడిగితే మామూలవుతుంది. పెట్రోలుతో తుడిస్తే రబ్బరు పాడవుతుంది. మొదటి నెలలో బిగింపు రెండుసార్లు సడలింది, ఆ తర్వాత కదల్లేదు. రెండేళ్లకు కుడి రెక్క అంచు మీద గీతలు అరిగి నున్నబడ్డాయి, ఆసరా మాత్రం తగ్గలేదు.