మామిడి నీడలో చిత్రమూలం: నాలుగేళ్ల తర్వాత

హనుమకొండలో మా ఇంటి వెనక పాత మామిడి చెట్టు ఉంది. దాని కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. చిన్న వాన పడితే ఆకుల మీదే ఆరిపోతుంది. నేలదాకా దిగిన నాలుగు చుక్కల్ని మామిడి వేర్లే తాగేస్తాయి. అక్కడ ఎన్ని మొక్కలు బలిచ్చానో లెక్క లేదు. చివరికి చిత్రమూలం అనే పొద వేద్దామనుకున్నాను.

మొదట ఒక నర్సరీలో "ఇది కూడా చిత్రమూలమే సార్" అని నీలిపూల మొక్క అంటగట్టారు. అది దక్షిణాఫ్రికా ప్లంబాగో, దానికి ఎండ కావాలి. మా నీడలో ఏడాదంతా పొడుగ్గా సాగిందే తప్ప ఒక్క పువ్వు లేదు. మనది తెల్లపూల చిత్రమూలం. దసరాకు ములుగు దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరికి పోయినప్పుడు కంచె పక్క తుప్పల్లో దొరికింది. మూడేసి కణుపులున్న కొమ్మలు పది తెచ్చి పాతితే ఏడు బతికాయి.

"నీళ్లే అక్కర్లేదు" అని అప్పట్లో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నిజానికి మొదటి ఎండాకాలం వారానికి రెండు బకెట్లు పోశాను. ఇప్పుడు పోయడం లేదు కానీ, మే వచ్చేసరికి ఆకులు రాలి పుల్లలు మిగులుతాయి. మృగశిర వానలు పడ్డాక మళ్లీ చిగురేస్తాయి. వేసవి సెలవులకు వచ్చే చుట్టాలకు చూపించే మొక్క మాత్రం కాదు.

ఇక అసలు సంగతి. మూడో ఏడు ఒక మొక్కను గోడ వైపు మారుద్దామని వట్టి చేతులతోనే తవ్వాను. వేలంత లావు వేరు పుటుక్కున తెగింది. ఆ చేత్తోనే ముంజేతి చెమట తుడుచుకున్నాను. రాత్రికి మంట, తెల్లారేసరికి కాగిన నూనె చిందినట్టు వరుసగా బొబ్బలు. అమ్మమ్మకు ఫోన్ చేస్తే నవ్వింది. "వట్టి చేతులతోని ముట్టినవా బిడ్డా? గది అగ్గి ఏరు!" తర్వాత చదివితే తెలిసింది, వేరులో ప్లంబాజిన్ అనే పదార్థం ఉంటుందట, చర్మాన్ని కాల్చేది అదే. ఆయుర్వేదంలో ఈ వేరును శుద్ధి చేశాకే వాడతారు. బొబ్బలు రెండు వారాల్లో మానాయి, నల్లటి మచ్చ పోవడానికి మరో మూడు నెలలు పట్టింది. ఆ వారమంతా మొత్తం పీకేద్దామనే అనుకున్నాను. పీకాలంటే మళ్లీ ఆ వేరే ముట్టాలి కదా, అందుకే ఆగాను!

ఆగినందుకు కార్తీకంలో ఫలితం దక్కింది. గోధుమరంగు, తెలుపు చారల రెక్కలు మూసుకుని గోరంత సీతాకోకచిలుక మొగ్గ మీద వాలింది. తోక వంచి గుడ్డు పెట్టి పక్క మొగ్గకు జరిగింది. పక్కనే ఇంకొకటి రెక్కలు విప్పితే పైన ఊదా కలిసిన నీలం. ఇంగ్లిష్‌లో జీబ్రా బ్లూ అంటారు. దీని పిల్లపురుగులు చిత్రమూలం మొగ్గల్నీ పూలనూ తిని పెరుగుతాయి. సగం పూలగుత్తులు బోడిగా మిగిలాయి. పూల కోసం పెంచేవాళ్లకు ఇది తెగులు. నేను మాత్రం మూడు రోజులు ఆఫీసుకు ఆలస్యంగా పోయాను.

పూల కింద ఉండే పచ్చని తొడిమల నిండా జిగురు. చిన్న చీమలు అతుక్కుని అక్కడే చస్తాయి. ఎండిన కాయలు చీరలకూ లుంగీలకూ పట్టుకుని ఇల్లంతా తిరుగుతాయి. మా ఆవిడ ఫిర్యాదు ఇప్పటికీ అదొక్కటే.

మా ఇంట్లో పసిపిల్లలు లేరు, తవ్వేది నేనొక్కణ్నే, ఇప్పుడు రబ్బరు గ్లౌజులు కొన్నాను. కాబట్టి మాకు నడుస్తోంది. మట్టి తవ్వి ఆడుకునే వయసు పిల్లలుంటే మాత్రం నన్నడిగితే వద్దంటాను. ఈ దసరాకు తమ్ముడు కొమ్మలు అడిగాడు. వాళ్ల పాపకు మూడేళ్లు. కొమ్మలు ఇవ్వలేదు, కార్తీకంలో పాపను తీసుకుని ఇంటికి రమ్మన్నాను.