రెజిన్ టౌబెకి సాగే దారమా, ఉక్కు తీగా?

1911 నవంబరు 1న లిబియాలో ఇటలీ పైలట్ జూలియో గవోటి బాంబులు విసిరింది ఎట్రిక్ టౌబె నుంచే. ఆ విమానానికి రెక్కల పైనా కిందా తీగలే తీగలు. దాని బుల్లి మోడల్‌ని రెజిన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థం) ముక్కలతో చేసుకునే కిట్‌లో రెక్కలు అతికించడం ఒక ఎత్తు, ఈ తీగలు కట్టడం ఒక ఎత్తు.

గాలానికి వాడే నైలాన్ దారాన్ని ముందే పక్కన పెట్టేయండి. బిగించి లాగితే పల్చటి రెజిన్ రెక్క వంగిపోతుంది, ఎండాకాలంలో అయితే మరీను.

సాగే లైక్రా దారంతో పని తేలిక. ఒక చివర సూపర్ గ్లూ చుక్క, కాస్త సాగదీసి రెండో చివర ఇంకో చుక్క, అంతే. లాగుడు తక్కువ కాబట్టి రెక్కకి ఢోకా లేదు. వేలు తగిలినా మళ్లీ బిగుస్తుంది, దుమ్ము దులిపేటప్పుడు టెన్షన్ ఉండదు.

ఉక్కు తీగకి ఓపిక కావాలి. రెండు చివరల మధ్య దూరాన్ని జామెట్రీ బాక్సులోని డివైడర్‌తో కొలిచి, అంతే ముక్క కత్తిరించి, పట్టకారుతో తెల్ల జిగురు చుక్కల మధ్య కూర్చోబెట్టాలి. వెంట్రుకవాసి పొడవైతే వంగుతుంది, పొట్టిదైతే ఊడిపడుతుంది. చొక్కా చెయ్యి తగిలినా ఊడుతుంది. కానీ ఆ లోహపు మెరుపు దారానికి రాదు. అసలు తీగ మందం 4 మిల్లీమీటర్లు అనుకుంటే, 1/48 స్కేలులో, అంటే అసలు సైజులో 48వ వంతులో, అది 0.08 మిల్లీమీటర్లే, అంత సన్నగా ఉన్నా ఉక్కు నిటారుగానే నిలుస్తుంది. రెక్క మీద లాగుడు సున్నా.

పోటీలకు మోసుకెళ్లే మోడల్‌కి దారం. గాజు పెట్టెలో ఉండిపోయేదానికి మాత్రం నా ఓటు ఉక్కుకే.