సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదా? ప్యానెల్ పోయిందని ఎవరైనా అంటే డబ్బులు తీయకండి

మొన్న వేసవిలో మా నాన్నగారి టీవీకి జరిగింది రాస్తున్నాను. కాస్త పెద్దగానే ఉంటుంది. ఇంట్లో ఏడెనిమిదేళ్లు దాటిన ఎల్ఈడీ టీవీ ఉన్నవాళ్లు మాత్రం ఓపిగ్గా చదవండి.

తెనాలిలో అమ్మానాన్నల దగ్గర 2014లో కొన్న 40 అంగుళాల టీవీ ఉంది. ఒకరోజు రాత్రి సీరియల్ మధ్యలో బొమ్మ పోయింది, మాటలు మాత్రం వస్తూనే ఉన్నాయి. అమ్మ మిగతా ఎపిసోడ్ అంతా రేడియో నాటకంలా వినేసింది. నాన్న నాకు చెప్పలేదు, వాడి ఆఫీసు టెన్షన్లు వాడికి చాలు అనుకున్నారట. తెల్లారి ఫోన్లో కంపెనీ పేరు, పక్కన కస్టమర్ కేర్ అని కొట్టి, అన్నిటికంటే పైన కనిపించిన నంబరుకి ఫోన్ చేశారు. అసలు తప్పు అక్కడే జరిగింది. అది కంపెనీ నంబరు కాదు. అలా పైన కనిపించేవాటిలో డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు కూడా ఉంటాయని డెబ్బై ఏళ్ల మనిషికి ఎలా తెలుస్తుంది? కంపెనీ అసలు నంబరు వారంటీ కార్డు మీదో, వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనో ఉంటుంది, అక్కడ చూసి చేయాలి.

గంటలో ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, మెడలో ఐడీ కార్డులు వేసుకుని. టీవీ ఆన్ చేశారు, వెనక నాలుగు దెబ్బలు తట్టారు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. "ప్యానెల్, అంటే తెర, పోయింది అంకుల్, కొత్తదైతే పద్దెనిమిది వేలు, మీరు పెద్దవాళ్లు కాబట్టి తొమ్మిదిన్నర వేలలో రీఫర్బిష్డ్ వేసిస్తాం" అన్నారు. నాలుగు వేలు అడ్వాన్స్, వచ్చినందుకు 450. టీవీని ఆటోలో వేసుకుని పోయారు. ఇచ్చిన రసీదు మీద "టీవీ 1" అని మాత్రమే ఉంది, మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు, ఏం మారుస్తారో లేదు.

నాలుగో రోజు తెచ్చిచ్చారు. బొమ్మ వచ్చింది, నాన్న సంబరపడి మిగతా డబ్బు ఇచ్చేశారు. మర్నాడు చూస్తే వార్తలు చదివే ఆవిడ ముఖం నీలంగా ఉంది, తెర తెల్లబడినప్పుడల్లా రెండు చోట్ల టార్చి లైటు కొట్టినట్టు గుండ్రటి మచ్చలు. ఫోన్ చేస్తే "కొత్త ప్యానెల్ కదా అంకుల్, సెట్ అవడానికి పది రోజులు పడుతుంది" అన్నారు. కొత్త చెప్పులా ఏంటి, కాలికి సెట్ అవడానికి! పదిహేడో రోజున మళ్లీ చీకటి, మళ్లీ మాటలే. ఈసారి వాళ్ల ఫోన్ స్విచాఫ్. అప్పుడు చెప్పారు నాకు.

శనివారం ఊరెళ్లి, టేప్ రికార్డర్ల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న పెద్దాయన్ని ఇంటికి పిలుచుకొచ్చాను. ఆయన టీవీ ఆన్ చేసి, గదిలో లైట్లు ఆర్పేసి, సెల్‌ఫోన్ టార్చి తెరకి దగ్గరగా ఏటవాలుగా పట్టి "చూడు బాబూ" అన్నాడు. చూస్తే లోపల బొమ్మ కదులుతోంది! మసక మసకగా, నీళ్ల అడుగున ఉన్నట్టు, సెట్‌టాప్ బాక్స్ మెనూ కూడా కనిపిస్తోంది. "ప్యానెల్ నిక్షేపంలా ఉంది. వెనక దీపం ఆరిపోయింది, అంతే" అన్నాడు.

సంగతేంటంటే, ఈ టీవీల్లో తెరకి సొంత వెలుగు ఉండదు. వెనక పట్టీల మీద వరసగా చిన్న చిన్న ఎల్ఈడీ బల్బులు ఉంటాయి, ఆ వెలుగు తెరలోంచి వస్తేనే మనకి బొమ్మ. ఆ బల్బులు పెళ్లి పందిట్లో సీరియల్ లైట్లలా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా ఆ వరసంతా ఆరిపోతుంది, చాలా టీవీల్లో మొత్తం బ్యాక్‌లైటే ఆగిపోతుంది. ఆన్ చేయగానే ఒక్క క్షణం బొమ్మ మెరిసి మాయమై, సౌండ్ మాత్రం నడుస్తుంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ప్యానెల్ ఖరీదు దాదాపు కొత్త టీవీ అంత, పట్టీల ఖరీదు అందులో పిసరంత. ఈ తేడా మీదే వాళ్లు బతుకుతున్నారు.

ఇక విప్పాక బయటపడ్డ భాగోతం. ప్యానెల్ మాదే, వెనక స్టిక్కర్ మీద తేదీతో సహా 2014దే. పట్టీల్లో ఒక్కటే మార్చారు, అదీ నాసిరకం, నీలం రంగు దాని పుణ్యమే. ఇంకో పట్టీలో పోయిన బల్బు మార్చకుండా అడ్డంగా వైరు ముక్క పెట్టి సోల్డర్ చేశారు. బల్బుల మీద టోపీల్లాంటి చిన్న లెన్సులు ఉంటాయి, రెండు ఊడి కింద పడున్నాయి, తెల్ల మచ్చలు అందుకే. తెర వెనక షీట్ల మీద వేలిముద్రలు. అన్నిటికంటే మించి, టీవీకి కరెంటు అందించే మా పవర్ బోర్డు మాయం! దాని స్థానంలో ఏదో యూనివర్సల్ బోర్డు బిగించారు. పాడవని బోర్డు ఎందుకు తీశారంటే, పాత మోడళ్ల ఒరిజినల్ బోర్డులకి గిరాకీ ఉంటుందట.

పెద్దాయన పట్టీ మీద అచ్చువేసిన నంబరు రాసిచ్చాడు. హైదరాబాద్ వచ్చాక కోఠి గుజరాతీ గల్లీలో రెండు షాపులు తిరిగితే ఆ నంబరు సెట్ దొరికింది, పదమూడు వందలు. ఒక్క పట్టీ మారిస్తే చాలదా అని అడిగితే, పదేళ్లు కలిసి వెలిగినవి కలిసే పోతాయి, మొత్తం మార్చాల్సిందే అన్నాడాయన. కూలి పన్నెండు వందలు. మొత్తం రెండున్నర వేలలో అయిపోయే పనికి ముందు పదివేల దాకా వదిలించుకున్నామన్నమాట.

పాత టీవీలకి వచ్చే మిగతా జబ్బులు కూడా ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. ఎర్ర లైటు వెలిగి టీవీ ఆన్ కాకపోయినా, టక్ టక్ అని ఆన్ ఆఫ్ అవుతున్నా పవర్ బోర్డు మీద కెపాసిటర్లు (కరెంటు నిలవ చేసే చిన్న డబ్బాల్లాంటివి) ఉబ్బాయేమో చూడాలి, పైభాగం పూరీలా పొంగితే అవి పోయినట్టే, ఒక్కోటి పదీ ఇరవై రూపాయల సరుకు. మన ఊళ్లలో బల్లి దూరి బోర్డు షార్టయ్యే కేసులు కూడా తక్కువేం కాదట. బొమ్మ ఫొటో నెగటివ్‌లా మారినా, సగం తెరే వచ్చినా ఒక్కోసారి లోపలి రిబ్బన్ కేబుల్ తీసి శుభ్రం చేసి బిగిస్తే సరిపోతుంది, లేదంటే తెరకి బొమ్మ పంపే టీ-కాన్ అనే చిన్న బోర్డు మార్చాలి. నిలువు గీతలు పడి, తెర అంచు నొక్కితే గీతలు మారుతుంటే మాత్రం అది నిజంగానే ప్యానెల్ జబ్బు, పాత టీవీకి దాని మీద డబ్బు పెట్టకపోవడమే మేలు. తెర మీద నేరుగా స్ప్రే కొట్టి తుడిచేవాళ్లకి ఇది ఎక్కువట, నీళ్లు కింది అంచులోకి దిగుతాయి కదా. మా అమ్మ వెంటనే నా వైపు చూసింది, ఎందుకంటే మా ఇంట్లో ఆ పని చేసేది నేనే. రిమోట్ పనిచేయకపోతే సెల్‌ఫోన్ ముందు కెమెరాకి ఎదురుగా పెట్టి బటన్ నొక్కండి, ఊదారంగు మెరుపు కనిపిస్తే చాలావరకు రిమోట్ బాగానే ఉన్నట్టు.

టార్చి పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు కానీ టీవీ మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా పవర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్లో కాసేపటిదాకా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

రిపేరు వీలైతే ఇంట్లోనే, మీ కళ్ల ముందే చేయించండి. బయటికి పంపక తప్పకపోతే వెనక మూత విప్పించి బోర్డుల ఫొటోలు తీసుకోండి, స్కెచ్ పెన్నుతో వాటి మీద మీ సంతకం పెట్టండి. రసీదు మీద సీరియల్ నంబరు, మార్చబోయే పార్టు పేరు రాయించండి, మార్చాక పాత పార్టు తిరిగి అడగండి. పాత పార్టు ఇవ్వం, రూలు ఒప్పుకోదు అంటే అక్కడే ఆగిపోండి. ఫోన్లో ఎవరైనా సర్వీస్ బుకింగ్‌కి పది రూపాయలు కట్టమని లింకు పంపినా, స్క్రీన్ షేరింగ్ యాప్ ఎక్కించుకోమన్నా వెంటనే ఫోన్ కట్ చేసేయండి, వాళ్ల కన్ను టీవీ మీద కాదు, మీ బ్యాంకు ఖాతా మీద.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. "టీవీ 1" రసీదు, స్విచాఫ్ నంబరు తప్ప చేతిలో ఆధారం లేదు కాబట్టి డబ్బు వెనక్కి వస్తుందన్న ఆశ నాకేం లేదు.

టీవీ ఇప్పుడు బాగానే ఉంది. పెద్దాయన వెళ్తూ వెళ్తూ పిక్చర్ సెటింగ్స్‌లో బ్యాక్‌లైట్ సగానికి తగ్గించాడు, బ్రైట్‌నెస్ వేరు బ్యాక్‌లైట్ వేరు, ఇది ఫుల్లుగా పెడితే పట్టీలు వేడెక్కి తొందరగా పోతాయి, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి మరీ. నిన్న ఫోన్ చేస్తే నాన్న అంటారూ, "బొమ్మ మబ్బు పట్టినట్టుందిరా, నేనే కాస్త పెంచాను."