సెంట్రింగ్ పనికి నడుం బెల్టు: రెండేళ్లు వాడాక

నెల్లూరు, కావలి సైట్లలో రెండేళ్లుగా సెంట్రింగ్ పనికి, అంటే స్లాబు కింద పలకలు, వాటిని మోసే జాకీలు బిగించే పనికి, వాడుతున్న పనిముట్ల కాన్వాస్ బెల్టు ఇది. రెండు పెద్ద జేబులు, వాటి మీద నాలుగు చిన్నవి, కుడి పక్కన సుత్తికి ఇనుప రింగు, టేపు తగిలించడానికి ఒక పట్టీ. దీనికి ముందు రెక్సిన్ బెల్టు, తోలు బెల్టు, అన్నిటికన్నా ముందు సామాను వేసుకునే పెయింటు డబ్బా. అన్నీ వాడాక తేలిందేమంటే, బెల్టు కాన్వాసా తోలా అన్నది తర్వాతి మాట. అందులో ఏం వేశాం, ఏ పక్కన వేశాం అన్నదాన్ని బట్టే సాయంత్రానికి నడుం ఎలా ఉంటుందో తేలుతుంది.

బరువు లెక్క చూడండి. క్లా హేమర్ (వెనక మేకులు పీకే కొమ్ములున్న సుత్తి) పిడితో కలిపి సుమారు 700 గ్రాములు. 5 మీటర్ల టేపు పావు కిలో లోపు. 8 అంగుళాల కటింగ్ ప్లేయర్ 300. మేకులు అర కిలో. ఉలి, దారం ఉండ, పెన్సిలు కలిపి ఇంకో 300. మొత్తం రెండు కిలోల పైచిలుకు, బెల్టు సొంత బరువుతో మూడు. ఇంతవరకు నడుం ఓర్చుకుంటుంది. మేకులు పీకే 24 అంగుళాల కడ్డీ, చేతి రంపం కూడా తగిలిస్తే ఐదు దాటుతుంది. ఇక బెల్టు జారడం, పైకి లాక్కోవడం, మళ్ళీ జారడం, రోజంతా ఇదే పని. ఆ రెండూ డబ్బాలోనే ఉండాలి. గంటకు పదిసార్లు చెయ్యి పోయే సామాను మాత్రమే నడుముకు.

కుడిచేతి వాటం వాళ్ళకి సుత్తి కుడి పక్కన, తుంటి ఎముకకు కాస్త వెనగ్గా. రింగు ముందుకొస్తే నడిచేటప్పుడు పిడి మోకాలికి తగులుతుంది, కూర్చుంటే నేలకు ఆని సుత్తి పైకి లేస్తుంది. మేకుల జేబు ఎడమ పక్కన. ఎడమ చెయ్యి మేకు తీస్తుంది, కుడి చెయ్యి సుత్తి అందుకుంటుంది, ఒకదానికొకటి అడ్డం రావు. టేపు కూడా ఎడమకే, బరువు రెండు పక్కలా సరిపోవాలి కాబట్టి. బొడ్డు ముందర జేబు పెట్టుకోకండి. పలకల కింద గొంతుక్కూర్చుంటే అది తొడలో గుచ్చుకుంటుంది, లోపలి మేకులు జారి నేల పాలవుతాయి.

అన్నిటికంటే చికాకు పెట్టేది మొలతాడు. బెల్టు సరిగ్గా దాని ముడి మీద కూర్చుంటే మధ్యాహ్నానికి అక్కడ ఒరుసుకుపోతుంది. చెమట, సిమెంటు దుమ్ము కలిస్తే మంట ఇంకా ఎక్కువ, సిమెంటుకు సున్నం గుణం ఉంది కదా. ముడిని పక్కకు జరిపి, పాత తువ్వాలు నిలువుగా మూడు మడతలేసి బెల్టు కింద చుట్టుకుంటే చాలు. రోహిణి కార్తెలో తువ్వాలు లేకుండా బెల్టు కట్టడం దండగ పని. లుంగీ మీద కడితే ఎంత బిగించినా నిలవదు. లూపులున్న ప్యాంటు వేసుకుని, ముందు ప్యాంటు బెల్టు పెట్టి, దాని మీద ఇది కట్టాలి. పొట్ట ఉన్నవాళ్ళకి భుజాల పట్టీలు తప్పనిసరి, లేకపోతే బరువంతా పొట్ట కిందకి దిగుతుంది.

ఇక పాడయ్యే తీరు. రెక్సిన్ చవక, కానీ ఎండకు బిగుసుకుని మడత దగ్గర పగిలింది, ఏడాది కూడా రాలేదు. తోలు బాగా మోస్తుంది, ఒంటికి ఒదుగుతుంది. దానికి గండం మన కార్తీక మాసం వానలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిసిన తోలుకు నాలుగు రోజుల్లో బూజు. ఎండలో ఆరబెడితే అట్టలా తయారవుతుంది. నీడనే ఆరబెట్టి, చెప్పులకు రాసినట్టు ఆముదం రాయాలి. ఆ ఓపిక ఉంటే తోలే మంచిది. నాకు లేదు.

కాన్వాస్‌కు జబ్బు వేరే. మేకుల మొనలు జేబు అడుగు పొడుచుకుని బయటికొస్తాయి, ఆరు నెలలకే చిన్న చిన్న చిల్లులు. పాత పెయింటు డబ్బా మూత నుంచి అరచేయంత ముక్క కోసి అడుగున పరిస్తే ఆగింది. ప్లేయర్ జేబు నోరు వాలిపోతుంటే 2 అంగుళాల పీవీసీ పైపు ఐదంగుళాల ముక్క లోపలికి దించి, రెండు చిల్లులు పొడిచి వైరుతో కట్టండి. నోరు తెరుచుకునే ఉంటుంది, చూడకుండానే ప్లేయర్ చేతికొస్తుంది. స్లాబు వేసే రోజు సిమెంటు పాలు పడితే గట్టిపడక ముందే కడిగేయాలి. ఆరాక గీకితే నూలు కూడా ఊడి వస్తుంది.

ప్లాస్టిక్ బకిల్ ఉన్నది కొనొద్దు. సందులో సిమెంటు దూరితే నొక్కు పడదు, ఎండకు పెళుసెక్కి ఒంగినప్పుడు టప్పున ఊడుతుంది. రెండు ముళ్ళున్న ఇనుప బకిల్ మేలు. కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి అది తుప్పు పడుతుంది, వారానికోసారి నూనె గుడ్డతో తుడిస్తే సరి.

ఎత్తు పనికి ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఇది సేఫ్టీ బెల్టు కాదు, తాడు కొక్కెం దీనికి తగిలించకూడదు. హార్నెస్ వేసుకున్నాక దాని పట్టీలకు, కొక్కేలకు అడ్డం రాకుండా పైన కట్టాలి. సుత్తి పిడి నుంచి బెల్టుకు చేయి చాచేంత పొడవు నైలాన్ తాడు కట్టండి, కింద జనం ఉంటారు. సర్వి కర్రల పరంజా ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. డబ్బాను గిలక మీద తాడుతో లాగించుకోవాలి గానీ చేత పట్టుకుని ఎక్కరాదు.

భుజం సంచి ఎలక్ట్రీషియన్లకు, అదీ పూర్తయిన ఇళ్ళలో, బాగుంటుంది. సెంట్రింగ్‌లో ఒంగితే ముందుకు ఊగి జాకీలకు తగులుకుంటుంది. తాపీ మేస్త్రీలకు బెల్టు ఎందుకో అర్థం కాదు. మాలు (సిమెంటు, ఇసుక కలిపింది) అంటిన తాపీని జేబులో పెట్టేవాడు ఎవడు? వాళ్ళకు డబ్బానే బాగు. రాడ్ కట్టేవాళ్ళకు హుక్కు ఒకటి, కట్టు వైరు నిలబడే జేబు ఒకటి ఉంటే చాలు, ఇంత పెద్దది అక్కర్లేదు.

కొనేముందు జేబు పట్టుకుని గట్టిగా లాగి చూడండి. మూలల్లో రివెట్లు ఉండాలి, ఒట్టి కుట్టయితే మేకుల బరువుకు అక్కడే విడుస్తుంది. ఖాళీ బెల్టు నడుముకు పెట్టి చూసి తీసుకోకండి, కొట్లోనే సుత్తి వేసి కూర్చుని లేవండి. మా దాంట్లో ఎడమ మూల కుట్టు పదో నెలలో విడిపోయింది, చెప్పులు కుట్టేచోట మైనం రాసిన నైలాన్ దారంతో కుట్టించి రెండు రివెట్లు కొట్టించాక ఇప్పటిదాకా కదల్లేదు.