మామాడ్ ఎస్‌ఎల్1: వాడిన ఆవిరి ఇంజిన్‌తో ఏడాది

బ్రిటన్‌లో 1937లో మొదలైన మామాడ్ సంస్థ 1980 ప్రాంతంలో తయారుచేసిన ఎస్‌ఎల్1 అనే చిన్న రైలింజిన్‌ను ఏడాది క్రితం ఒక విదేశీ విక్రేత దగ్గర కొన్నాను. ఇది బ్యాటరీతో తిరిగే బొమ్మ కాదు. నీళ్లు పోసి కింద మంట పెడితే నడిచే ఆవిరి ఇంజిన్. నాలుగు చక్రాలు, 32 మిల్లీమీటర్ల గేజి (పట్టాల మధ్య దూరం). అసలు రైలులో అడుగుకు ఇక్కడ 16 మిల్లీమీటర్ల కొలతలో లెక్కిస్తే అది రెండడుగుల నారోగేజి, అంటే డార్జిలింగ్ కొండరైలు గేజి. రవాణాతో, సుంకంతో కలిపి 25 వేల రూపాయలు, బాగుచేతకు మరో 7 వేలు అయ్యాయి.

‘నడిచే స్థితిలో ఉంది’ అని విక్రేత రాసిన మాటను నేను నమ్మాను. పెట్టె విప్పితే ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది గానీ, సేఫ్టీ వాల్వు తీసి టార్చి వేస్తే బాయిలర్ లోపల తెల్లటి సున్నపు పొర కనిపించింది. వాడిన ఇంజిన్ కొనేవారు ఫొటోలో రంగును వదిలేసి, బాయిలర్‌కు ఎప్పుడు, ఎంత ఒత్తిడి దగ్గర పరీక్ష జరిగిందో ముందు అడగాలి. నేను అడగలేదు.

గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి గంటసేపు ఉంచి, కడిగి, మళ్లీ అలాగే చేస్తే పొర వదిలింది. (పైభాగం ఇత్తడిని మా అమ్మ చింతపండుతో తోమేస్తానంది, ఆపడం కష్టమైంది.) తర్వాత అసలు పరీక్ష. ఇలాంటి ఇంజిన్‌లో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 15 పౌండ్ల లోపే, అంటే ఇంట్లో కుక్కర్‌లో ఉండేపాటిది. అందుకు రెట్టింపు, అంటే 30 పౌండ్ల దాకా, గాలి బుడగ లేకుండా నింపిన చల్లని నీళ్లతో పరీక్షించాలి. నీళ్లు కుదించుకుపోవు కాబట్టి అతుకు వదిలినా బాయిలర్ పేలదు, చుక్కలు మాత్రమే కారతాయి. అపార్ట్‌మెంట్ పైపులు పరీక్షించే ప్లంబరు తన చేతిపంపు తెచ్చి ఈ పని చేసిపెట్టారు. పది నిమిషాల పాటు మీటరు ముల్లు కదలలేదు. సేఫ్టీ వాల్వు వాషరు ఒక్కటే మార్చాల్సి వచ్చింది. ఆ వాల్వు మర పావు అంగుళం బి.ఎస్.ఎఫ్. (పాత బ్రిటిష్ సన్న మర కొలత), అంగుళానికి 26 చుట్లు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికే ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టు చూడ్డానికి అదే అనిపించి ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా. బలవంతం చేస్తే బాయిలర్ మర పోతుంది.

ఈ ఇంజిన్‌లో నాకు బాగా నచ్చింది సిలిండర్. ఆవిరిని లోపలికి, బయటికి మళ్లించే మీటల అమరిక, అంటే వాల్వు గేరు, లేదు. సిలిండరే ఊగుతూ తన ముఖం (ఆవిరి దారులున్న దిమ్మెకు ఆనుకునే చదునైన పక్క) మీది రంధ్రాన్ని ఒకసారి ఆవిరి దారికి, ఒకసారి పొగగొట్టం వైపు దారికి కలుపుతుంది. ఆ ముఖం గీతలు పడితే ఆవిరి అంతా పక్కలకు పోతుంది, నాది అలాగే పోయింది. బాలానగర్‌లో ఒక లేత్ షాపుకు తీసుకెళ్తే, లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో తన తండ్రి పనిచేశారని చెప్పిన ఆ టర్నరు వేలితో ముఖాన్ని తడిమి, ‘సార్, ఇది లేత్‌తోని అయ్యే పని గాదు, అద్దంతోని అయితది’ అని తిప్పి పంపేశారు. డబ్బు తీసుకోలేదు. మందపాటి అద్దం మీద సన్నని వాల్వు గ్రైండింగ్ పేస్టు, నూనె వేసి ఎనిమిది ఆకారంలో రుద్దితే రెండు సాయంత్రాల్లో ముఖం చదునైంది. ఇంత సులభంగా ఇంట్లోనే బాగయ్యే ఇంజిన్ మరొకటి ఉంటుందనుకోను.

సిలిండర్‌కు నూనె అందించే లూబ్రికేటర్ లేదు కాబట్టి ఒకటి తెప్పించి అమర్చాను. అందులోకి వచ్చిన ఆవిరి నీరై అడుగుకు చేరుతూ నూనెను పైకి నెడుతుంది. 460 గ్రేడు స్టీమ్ సిలిండర్ ఆయిల్ వాడాలి, బండి ఇంజిన్ ఆయిల్ పనికిరాదు. బోరు నీళ్లు అసలు పోయకూడదు, బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్ చాలు. మంటకు వాడే హెక్సమిన్ ఇంధనపు బిళ్లలు మసి, వాసన వదులుతాయి. నేను మూడు వత్తుల స్పిరిట్ బర్నరుకు మారాను. అయితే హైదరాబాద్ ఎండలో స్పిరిట్ మంట కంటికి కనిపించదు. డాబా మీద సాయంత్రం ఆరు దాటాక, గాలి లేనప్పుడే వెలిగిస్తున్నాను, పక్కన తడి గోనెపట్టా ఉంటుంది.

నడక విషయానికొస్తే, వట్టి ఇంజిన్‌ను వదిలితే పరుగెత్తి మలుపులో పడిపోతుంది. నాలుగు బరువైన వ్యాగన్లు తగిలిస్తే నిలకడగా పన్నెండు నిమిషాలు లాగుతుంది. నడుస్తుండగా నీళ్లు పోసే పంపు లేదు, కాబట్టి నీటికంటే ముందు స్పిరిట్ అయిపోవాలి. అందుకు సిరంజితో కొలిచి పోస్తున్నాను. సాఫీగా, నెమ్మదిగా నడిచే ఇంజిన్ కావాలనుకునేవారు డాంకాస్టర్‌లోని రౌండ్‌హౌస్ ఇంజిన్లు చూడాలి. 40 పౌండ్ల ఒత్తిడి, గ్యాసు మంట, ధర మాత్రం ఎన్నో రెట్లు. చేతులకు నూనె అంటించుకోవడం ఇష్టమైతే ఈ ధరకు ఎస్‌ఎల్1నే కొనమంటాను. రివర్స్ లివరు దగ్గర ఇంకా సన్నగా ఆవిరి బుసకొడుతోంది. ఆ ముఖాన్నీ అద్దం మీదికి ఎక్కించాలి.